పైన పటారం, లోన లొటారం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా అనుభవం చెప్పమన్నారు. ఉద్యోగం గురించి చెబితే మీకు నిద్రొస్తుంది. అందుకని ఒక పాత బండి కథ చెబుతాను.

అమెరికాలో కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇళ్లలాంటి బండ్లుంటాయి. ట్రావెల్ ట్రైలర్లంటారు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. వాటిలో వెండి గుడ్డులా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్‌కు పేరెక్కువ. విమానానికి చేసినట్టే అల్యూమినియం రేకుల్ని రివెట్లతో కలిపి కడతారు. 1969లో చంద్రయాత్ర నుంచి తిరిగొచ్చిన ముగ్గురు వ్యోమగాములను విడిగా ఉంచింది కూడా అలాంటి ట్రైలర్‌ను మార్చి చేసిన గదిలోనే.

నేను 1966 నాటి 22 అడుగుల బండి ఒకటి కొన్నాను. ఆ వేసవంతా రేకులు పాలిష్ చేశాను. వెనక మూల నేల మెత్తగా ఉంటే అంతమేరకు కోసి కొత్త ప్లైవుడ్ ముక్క అతికించాను. అద్దంలా మెరిసే బండిని చూసి అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను. మొదటి ప్రయాణంలోనే గతుకుల దారిలో తోక కుంగింది. దిగి చూస్తే రేకుకూ కింది ఫ్రేముకూ మధ్య వేలు దూరేంత సందు!

ఇంజనీరునై ఉండి కూడా అసలు సంగతి గమనించలేదు. ఈ బండికి పైన అల్యూమినియం డొప్ప, కింద ఉక్కు ఫ్రేము, రెండింటి మధ్య ప్లైవుడ్ నేల. బోల్టులు ఆ ప్లైవుడ్ అంచుల గుండానే దిగి పైదాన్నీ కిందిదాన్నీ కలిపి పట్టుకుంటాయి. కిటికీల సందుల్లోంచి, వెనక దీపాల దగ్గర్నుంచి ఏళ్లతరబడి కారిన నీళ్లు ఆ అంచుల్లో చేరాయి. ప్లైవుడ్ పిండైపోయింది. బోల్టులున్నాయి గానీ అవి పట్టుకోవడానికి మధ్యలో ఏమీ మిగల్లేదు.

ఇక డొప్పనూ ఫ్రేమునూ విడదీయక తప్పలేదు. లోపలి రేకులన్నీ విప్పాం. ఎలుకలు గూళ్లు కట్టిన ఫైబర్‌గ్లాస్ దూది బస్తాలకొద్దీ వచ్చింది. నేల ఆసరా పోతే డొప్ప రూపు చెడుతుంది కాబట్టి లోపల అడ్డంగా, ఐమూలగా కర్రలు బిగించాం. నాలుగు మూలలా గొలుసులు వేసి ఎత్తడం మొదలుపెట్టాం. మూడు మూలలు లేచాయి, నాలుగోది లేవలేదు. ఇంకొక్క గుంజు గుంజితే రేకు చిరిగేదే. మా అమ్మాయి “నాన్నా, ఆపు!” అని అరిచింది. చక్రం గూటి వెనక తుప్పులో ఒక్క బోల్టు మరిచిపోయాం.

తరవాత ఫ్రేము తుప్పు గీకి, తినేసినచోట కొత్త ఉక్కు వెల్డింగ్ చేయించి, రంగు వేశాం. కొత్త ప్లైవుడ్ అంచులకు ఎపాక్సీ పట్టించాం. ఉక్కూ అల్యూమినియమూ తడిలో ఒకదాన్నొకటి తాకితే అల్యూమినియం తినేసుకుపోతుంది. అందుకని రెంటి మధ్యా టేపు వేశాం. డొప్ప దించాక రివెట్లు కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట నేను రివెట్ గన్నుతో, లోపల మా అమ్మాయి ఇనుపదిమ్మె ఆనించి. రేకు మీద ఒక తట్టు తడితే బాగా కూచున్నట్టు, రెండు తడితే మళ్లీ కొట్టమన్నట్టు. పని పూర్తవడానికి రెండేళ్లు పట్టింది. ఆ బండి తోక మళ్లీ కుంగలేదు.

నిన్న మన బడి చూసొచ్చాను. కొత్త సున్నం, గేటుకు తోరణాలు, కళకళలాడుతోంది. కానీ తొమ్మిదో తరగతి గది మూల, పైకప్పు దగ్గర సున్నం కిందినుంచి చెమ్మ మరక అప్పుడే పైకి తేలుతోంది. ఆ గదిలో పిల్లలు కూచుంటున్నారు. స్వర్ణోత్సవ నిధిలో మొదటి ఖర్చు ఆ కప్పు విప్పి చూడడానికి పెట్టమని కమిటీ వారిని కోరుతున్నాను. నేను ఇంకో పది రోజులు ఊళ్లోనే ఉంటాను. నిచ్చెన తెప్పించండి, ముందు నేనే ఎక్కుతాను.