జనాజా తరువాత మిగిలే బాధ్యత

(ఇటిక్యాలలో ఏర్పాటైన న్యాయ అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ఊరికి కొద్ది దూరంలోనే 44వ జాతీయ రహదారి ఉంది. హైదరాబాదును కర్నూలుతోను, బెంగళూరుతోను కలిపే ఈ దారి మన ప్రాంతానికి జీవనాధారం. మన పిల్లలు లారీల మీద, మెకానిక్ షెడ్లలో, పండ్ల బండ్ల దగ్గర, ధాబాలలో బతుకు వెతుక్కునేది దీని పొడవునే. ఈ దారే ఎన్నో ఇళ్ళలో దీపాలను ఆర్పింది. 2013 అక్టోబరు 30 వేకువజామున నేటి వనపర్తి జిల్లాలోని పాలెం వద్ద బెంగళూరు నుంచి వస్తున్న ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధమై 45 మంది మరణించారు. 2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా మాదార్పూరు వద్ద, అజ్మీరు దర్గా దర్శనానికి బయలుదేరిన మదనపల్లె కుటుంబాల వాహనం డివైడరు దాటి లారీని ఢీకొనగా 14 మంది ప్రాణాలు విడిచారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద మంటలలో కాలిపోయిన బస్సు హైదరాబాదు నుంచి బెంగళూరుకు వెళ్తున్నదే.

ఇవి దేశమంతా విన్న వార్తలు. పత్రికలో రెండు పంక్తులకు మించని మరణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ రెండు పంక్తుల వెనుక ఒక వితంతువు, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉంటారు. ఈనాటి నా మాటలు వారి గురించే.

ముందుగా మనలో చాలామంది మనసులో ఉన్న ఒక సంకోచాన్ని ప్రస్తావిస్తాను. "పోయిన ప్రాణానికి డబ్బు తీసుకోవడమా? అల్లాహ్ రాసింది జరిగింది, సబ్ర్ చేద్దాం" అని పెద్దలు అంటారు. సబ్ర్ మన ఈమానులో భాగమే. అయితే పొరపాటున జరిగిన ప్రాణహాని విషయంలో మృతుని కుటుంబానికి దియత్ చెల్లించాలని నిర్దేశించినది దివ్య ఖుర్ఆనే. సూరె నిసా 92వ ఆయతును మన ఉలమాలను అడిగి తెలుసుకోండి. క్షమించే హక్కు కుటుంబానికి ఉన్నట్లే, కోరే హక్కు కూడా ఉంది. కోరడం లోభం కాదు. అనాథల పోషణకు అవసరమైనదాన్ని మొహమాటంతో వదులుకోవడాన్ని త్యాగమని అనలేము. ఆ హక్కు మనది కాదు, ఆ పిల్లలది.

రెండవది జనాజా తొందర. దఫన్ త్వరగా జరపాలన్నది మన సంప్రదాయం. ఆ తొందరలో "పోస్టుమార్టం వద్దు, కేసు వద్దు" అని కాగితం రాసిచ్చి మృతదేహాన్ని తెచ్చుకుంటున్నాము. ఆరు నెలల తరువాత బీమా సంస్థ న్యాయవాది ట్రిబ్యునల్ ముందు లేచి, ఈ మనిషి ప్రమాదంలోనే మరణించాడనడానికి రుజువేమిటని అడుగుతాడు. అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. సమాధిని తెరిపించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అది ఎవరమూ కోరుకోని దుస్థితి. వసతులున్న ఆసుపత్రులలో సూర్యాస్తమయం తరువాత కూడా పోస్టుమార్టం జరపవచ్చునని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021 నవంబరులో అనుమతించింది. కనుక కమిటీ పెద్దలు వద్దనడానికి బదులు త్వరగా చేయించమని వైద్యాధికారిని అభ్యర్థించాలి. పాలెం ఘటనలో దేహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉండగా డి.ఎన్.ఎ. పరీక్షల ద్వారానే ఎవరి బిడ్డ ఎవరో తేల్చవలసి వచ్చింది. మరణానికి రుజువు ఎంత అవసరమో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు.

మూడవది గడువు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం పరిహారపు దరఖాస్తు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలలోపు దాఖలు చేయాలి. 2019 నాటి సవరణతో వచ్చిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని చెల్లుబాటును ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడుస్తున్నా, వాటి తీర్పు కోసం ఆగడం వివేకం కాదు. మన ఇళ్ళలో ఈ గడువు మరింత కుంచించుకుపోతుంది. భర్తను కోల్పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది. అది ముగిశాక ఆమెకు మిగిలేది రెండు నెలలైనా కాదు. అందులో సగం కాగితాలు వెదకడానికే సరిపోతుంది. ఇద్దత్ పాటిస్తూనే ఆమె ఇంటివద్ద వకాలతునామా మీద సంతకం చేయవచ్చు. చట్టబద్ధ ప్రతినిధులలో ఎవరైనా మిగిలినవారిని కూడా చేర్చి దరఖాస్తు వేయవచ్చు. అవసరార్థం పగటిపూట బయటకు వెళ్ళడానికి హనఫీ ఫిఖ్‌లోనే అవకాశముంది. సందేహమున్నవారు ఆలిమును అడగండి. కానీ ఇద్దత్ పేరుతో ఆమె హక్కును కాలగర్భంలో కలపకండి.

దరఖాస్తు ఎక్కడ వేయాలి? ప్రమాదం ఎక్కడ జరిగిందో అక్కడికే పోనవసరం లేదు. బాధితులు నివసించే చోటి ట్రిబ్యునలులోనూ వేయవచ్చు. మాదార్పూరులో జరిగిన ప్రమాదానికి మదనపల్లె కుటుంబాలు కర్నూలు చుట్టూ తిరగనక్కర లేదన్నమాట. అలాగే మన బిడ్డ బెంగళూరు దారిలో మరణించినా, మనం గద్వాలలోనే న్యాయం అడగవచ్చు. రెండు వాహనాలు ఢీకొన్నప్పుడు తప్పు ఎవరిదెంతో తేల్చే భారం ప్రయాణికుని కుటుంబంపై లేదు. రెండు పక్షాలదీ తప్పయితే ఏ ఒక్కరి నుంచైనా పూర్తి పరిహారం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది.

ఎంత వస్తుంది? ఇది దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన సంగతి కాదు, లెక్క. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ఆ లెక్కకు పునాదులు. నెలకు 15 వేలు సంపాదించే 34 ఏళ్ళ మనిషి అనుకుందాం. స్వయంఉపాధి, ఇంట్లో ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాది ఆదాయం 1,80,000. నలభై ఏళ్ళలోపు వాడు గనుక భవిష్యత్తులో పెరగగల ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. నలుగురు ఆధారపడినవారున్నారు గనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డల సాహచర్య నష్టం వంటివి దీనికి అదనం. ఇప్పుడు ఆలోచించండి. లారీ యజమాని మనుషులు మూడో రోజు ఫాతిహాకు వచ్చి రెండు లక్షలు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే ఆ ఇల్లు పోగొట్టుకున్నదెంత?

ఆదాయానికి రుజువు లేదని కుంగిపోకండి. పనిలో పెట్టుకున్న యజమాని సాక్ష్యం, బ్యాంకు ఖాతా, అప్పుల వాయిదాల రశీదులు, డ్రైవింగ్ లైసెన్సు, ఇవన్నీ పనికి వస్తాయి. నిఖానామా భార్య హక్కుకు రుజువు. అది ఇంట్లో లేకుంటే ఖాజీ దఫ్తరు నుంచి నకలు తీయించండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారునికి, బాధితునికి ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. పోలీసులు 48 గంటలలో తొలి నివేదికను, 90 రోజులలో సవివర నివేదికను ట్రిబ్యునలుకు పంపాలి. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీనినే నొక్కి చెప్పింది. ఆ నివేదిక వెళ్ళిందా లేదా అని స్టేషనులో అడగడం మన హక్కు.

ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకపోతే? అప్పుడు కూడా చేతులు ముడుచుకోవద్దు. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రత్యేక పథకం కింద లభిస్తాయి. దరఖాస్తు తహశీల్దారు లేదా రెవెన్యూ డివిజన్ అధికారి స్థాయిలో ఇవ్వాలి. మంజూరు చేసేది కలెక్టరు. ఇక యజమాని పని చేస్తూండగా మరణించిన లారీ డ్రైవరు, క్లీనరు కుటుంబాలకు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోని ఉద్యోగుల పరిహార నిబంధనలు మరొక ద్వారం. రెండు చట్టాలూ వర్తిస్తే ఒకదాన్నే ఎంచుకోవాలి గనుక, ఏది మేలో లెక్క వేసుకున్నాకే సంతకం చేయండి.

వాటాల మాట. "షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతే" అని మరిది, బావ తగువుకు దిగడం మనం చూస్తున్నాము. మీరాసు మృతుడు విడిచిపోయిన ఆస్తికి వర్తిస్తుంది. ఆధారం కోల్పోయినందుకు ఇచ్చే పరిహారం అతడు విడిచిపోయిన ఆస్తి కాదు. అతని సంపాదన మీద బతికినవారికి కలిగిన నష్టానికి బదులు అది. అందుకే ట్రిబ్యునల్ ఎవరు ఎంతగా ఆధారపడ్డారో చూసి పంచుతుంది. మైనర్ల వాటాను సాధారణంగా బ్యాంకు డిపాజిట్టులో ఉంచుతుంది. దానిని అన్యాయమని తిట్టకండి, అనాథల సొమ్ముకు కాపలా అనుకోండి.

చివరిగా ఖర్చు గురించి. "వచ్చినదానిలో సగం నాకు" అనే ఒప్పందాలు వాడుకలో ఉన్నాయి. న్యాయవాది పరిహారంలో వాటా అడగడాన్ని, ఫలితం మీద ఫీజు ముడిపెట్టడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి నిషేధించింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మైనారిటీ అయినంత మాత్రాన ఆ అర్హత రాదు. అయితే దావా వేసే వితంతువుకు స్త్రీ కావడమే చాలు. గద్వాలలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోను చేయండి. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్ళండి, కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు లేదని గుర్తుంచుకోండి. లెక్క చేతిలో లేకుండా తల ఊపకండి.

మస్జిదు కమిటీకి ఒక్క విన్నపం. కఫన్ బట్ట, జనాజా మంచం సిద్ధంగా ఉంచుకున్నట్లే, ఒక రిజిస్టరు, చదువుకున్న ఇద్దరు యువకులను సిద్ధంగా ఉంచండి. మరణం జరిగిన ఇంటికి దఫన్ రోజున అన్నం పంపుతున్నాము. నలభై రోజులలోపు ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం నివేదిక, కుటుంబ సభ్యుల ధృవపత్రం ఆ ఇంటికి చేర్చే బాధ్యత కూడా కమిటీయే తీసుకోవాలి. ఖబరుస్తాన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మన చేతులకు అంటిన మట్టి కడుగుకుంటాము. ఆ ఇంటి పిల్లల పట్ల మన బాధ్యత మాత్రం అప్పుడే మొదలవుతుంది.

అనాథలకు అండగా నిలిచే తౌఫీఖును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.