స్త్రీల పాటలు – గ్రంథాలయ ధర్మము
(అప్పనపల్లి గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



వైనతేయ తీరమునందలి ఈ గ్రామమున ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుట సామాన్య కార్యము కాదు. అందులకు మీ యందఱికి నా అభినందనములు. ఈ శుభసమయమున, బీరువాలకెక్కని వాఙ్మయమును గూర్చి రెండు మాటలు మనవి చేయదలచితిని. అది మన ఇండ్లలోని స్త్రీలు నోట నిలుపుకొన్న పాట.

ప్రొద్దుపుచ్చుటకు పాడుకొను కూనిరాగములని వీనిని పలువురు తేలికగా చూతురు. రామాయణమునే తీసికొనుడు. వాల్మీకి శ్రీరామ జననమును వర్ణించెను గాని కౌసల్య పడిన ప్రసవవేదనను వర్ణింపలేదు. స్త్రీల పాట పురిటింటిలోనికి పోయి, మంత్రసానిని పిలిపించి, ఆ తల్లి బాధను చెప్పును. కావ్యమున ఊర్మిళ పెండ్లితో దాదాపు కనుమరుగగును. పాటలో ఆమె పదునాలుగేండ్లు నిద్రించును. లక్ష్మణుడు వచ్చి లేపగా అతనిని గుర్తింపక, పరస్త్రీని కోరి ఇంద్రుడును రావణుడును ఏమైరో తెలియునా యని హెచ్చరించును. 'సీత గడియ' పాటలో ఆలస్యమైనదని అలిగి రాముడు తలుపు గడియ వేసికొనగా, కౌసల్య వచ్చి కొడుకునే మందలించును. రాముని అక్క శాంతకు ఈ పాటలలో గల పెద్దరికము కావ్యములలో కానరాదు.

రాజ్యమును, యుద్ధమును కవులు చెప్పిరి. వేవిళ్ళు, పురుడు, అలుక, ఎడబాటు స్త్రీలు చెప్పిరి. అత్తవారింట నోరు విప్పి అనరాని మాటను కోడలు సీత పేర పాడగలిగినది. దైవభక్తికి లోపము రాలేదు; మనసులోని మాట మరుగున పడలేదు.

ఈ సంపదను గుర్తించినవారు లేకపోలేదు. ఏలూరున నందిరాజు చలపతిరావుగారు స్త్రీల పాటలను అచ్చొత్తించిరి. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో 'స్త్రీల రామాయణపు పాటలు' ప్రకటించినది. 1958లో బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' వెలువడినది. 1991లో వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్ల వ్యాసము ఈ పాటలను విదేశములవారికి తెలిపినది. బ్రాహ్మణ స్త్రీల పాటలకును, తక్కిన కులముల స్త్రీల పాటలకును గల భేదమును గూడ వారు చూపిరి. కావున ఒక వీధి పాటలు వ్రాసికొని ఊరి పాటలన్నియు వ్రాసికొంటిమనుట చెల్లదు.

పొలమునకు పోయిన స్త్రీల పాట పనిని అంటిపెట్టుకొని బ్రదికినది. రోకటిపోటు దంపుళ్ళ పాటకు తాళము. బియ్యపు మరలు వచ్చిన పిమ్మట రోకలి మూలకు చేరినది. దానితో పాటయు మూలబడినది. ఒంటిచాకిరి తగ్గుట మేలే. పాట పోవుట మాత్రము నష్టము.

సభలో ఆడిపాడిన స్త్రీలకు మఱియొక కష్టము కలిగినది. కూచిపూడి భాగవతమేళములలో సత్యభామ వేషమును పురుషులే ధరించుచుండగా, మన గోదావరి సీమలో కళావంతుల స్త్రీలు భామాకలాపమును తామే ప్రదర్శించిరి. దేవాలయములకు బాలికలను అర్పించు ఆచారమును 1947 నాటి మద్రాసు చట్టము నిషేధించినది. ఆ ఆచారము పోవలసినదే. కాని లోకము విద్యను గూడ నిందతో కలిపి త్రోసివేసినది. ముమ్మిడివరమునకు చెందిన అన్నాబత్తుల మంగతాయారుగారి వంటి విదుషీమణులు దానిని కాపాడి మన కాలమునకు అందించిరి.

ఇక నా మనవి. నేడు చేతిలోని ఫోనే పాటను పట్టగలదు. ఊరిలోని వృద్ధస్త్రీల పాటలను, అన్ని పేటలలోను, వారి సమ్మతితో వినిపట్టుడు. పాడినది పాడినట్లే వ్రాయుడు, వ్యాకరణము దిద్దకుడు. పాడినవారి పేరు, ఎవరివలన నేర్చిరో, ఏ వేళ పాడుదురో ప్రక్కన వ్రాయుడు. ఇంతకాలము ఈ పాటలకు 'అజ్ఞాతకర్తృకము' అను మాటయే మిగిలినది. పాడినవారి పేరైనను ఇకమీదట పోకూడదు.

అట్లే, పనులు తీరిన మధ్యాహ్నవేళ స్త్రీలు వచ్చి చదువుకొనుటకు ఇచట చోటు కల్పింపుడు. పాట ఇచ్చిన తల్లి తన పాటను అచ్చులో చూచుకొనుటకైనను ఈ గడప దాటి రావలయును గదా!