డ్రైవరు లేని కారు వస్తే?



మొన్న వేసవి మొదట్లో మైపాడు నుంచి నెల్లూరు తిరిగొస్తున్నాం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో గేదెల మంద. కారు తోలే అబ్బాయి ఎదురొచ్చే ఆటోకు చేత్తో సైగ చేశాడు. అతను ఆగాడు. గేదెల వెనక పిల్లవాడు ఒక కేక వేశాడు, దారి దొరికింది. ఇంటికొచ్చాక మా అబ్బాయి, "ఇకమీదట డ్రైవర్లే అక్కర్లేదమ్మా, కార్లు వాటంతట అవే పోతాయి" అన్నాడు. నవ్వేశాను గాని, ఆ మాట మనసులో నిలిచిపోయింది.

ఇది వట్టి కల కాదు. అమెరికాలోని ఫీనిక్స్ నగర ప్రాంతంలో 2020 అక్టోబరు నుంచి వేమో అనే సంస్థ డ్రైవరు లేని టాక్సీలను జనానికి నడుపుతోంది. కారు చుట్టూ ఉన్న కెమెరాలు, రాడార్లు, లేజరు కిరణాలతో దూరం కొలిచే పరికరాలు దారిని చూస్తాయి. కంప్యూటరు లెక్కకట్టి స్టీరింగు తిప్పుతుంది, బ్రేకు వేస్తుంది. మన తెలుగునాట కూడా, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదులో, ఇలాంటి వాహనాల్ని పరీక్షించే మైదానం 2022 జూలై 4న ప్రారంభమైంది. దాని పేరు తిహాన్.

దీనివల్ల మేలు లేదా అంటే, ఉంది. యంత్రానికి నిద్ర రాదు, అది తాగదు, సెల్‌ఫోను మాట్లాడదు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అంటే రోజుకు 460 మందికి పైనే. కళ్లు కనిపించని పెద్దవారు, బండి నేర్చుకోని మనబోటి ఆడవాళ్లు ఒకరి తీరిక కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లి రావచ్చు.

మరి మా వీధిలో లారీ డ్రైవరు భార్య ఉంది. ఈ సంగతి చెబితే, "మరి మా ఇంటాయన ఏం చెయ్యాలక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీగారు 2017లోనూ, మళ్లీ 2023లోనూ, డ్రైవర్ల ఉపాధి పోతుంది గనుక ఇలాంటి కార్లను రానివ్వమన్నారు. ఆ మాట ఆమెకు ధైర్యమే. కాని రాత్రంతా నిద్ర లేకుండా కృష్ణపట్నం రేవుకు లారీ తోలే మనిషి ప్రాణానికి ఆ మాట ఒక్కటే భరోసా కాదు కదా!

ఇంకో చిక్కు ఉంది. ప్రమాదం జరిగితే బాధ్యులెవరు? మన 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సు ఉన్న మనిషి తోలుతాడనే లెక్కతో రాసింది. బ్రిటన్ 2024లో కొత్త చట్టం చేసింది. కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు తప్పు జరిగితే, లోపల కూర్చున్నవారిది కాదు, సంస్థదే బాధ్యత అంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023లో ఇలాంటి కారు ఒకటి రోడ్డు మీద పడిన స్త్రీని ఈడ్చుకుపోతే, ఆ సంస్థ అనుమతిని ప్రభుత్వం నిలిపివేసింది.

నాకు తోచింది చెబుతాను. ముందు చట్టం రావాలి, తర్వాతే కారు. మొదట రేవుల్లో, కళాశాల ఆవరణల్లో నడిపి చూడాలి. డ్రైవర్లకు వేరే పని నేర్పించే ఏర్పాటు ముందే జరగాలి. అంతవరకు ఉన్న డ్రైవరుకే కంటి పరీక్ష, కంటినిండా నిద్ర దక్కేలా చూస్తే, రేపటి యంత్రం కాపాడతానంటున్న ప్రాణాల్లో కొన్ని ఇవాళే దక్కుతాయి. దూరప్రయాణానికి కారు మాట్లాడుకునేటప్పుడు, "రాత్రి నిద్రపోయావా నాయనా?" అని అడగడం మన చేతిలో పనే.

సెలవు.