జ్వరపు మాత్ర - దాని కొలత



మాత్ర యను మాటకు మొదటి యర్థము కొలత. ఛందస్సు చదివినవారు లఘువున కొక మాత్రయనియు, గురువునకు రెండు మాత్రలనియు లెక్క వేయుదురు. వైద్యుఁ డిచ్చు గుళికకును ఆ పేరే వచ్చినది. నలువది యేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన నేను ఒకప్పుడు నా యింటనే యీ లెక్క తప్పితిని. దానిని మీకు విన్నవించుటకే నేఁడు వచ్చితిని.

నా మనుమరాలికి అప్పటికి రెండేండ్లు నిండవచ్చినవి. బరువు పది కిలోలు. తల్లి రెండవ కాన్పునకై పట్టణపు ఆసుపత్రిలో నుండఁగా బిడ్డను నేనును నా భార్యయుఁ జూచుకొనుచుంటిమి. బిడ్డకు జ్వరము తగిలినది. అంతకుముందు వచ్చిన జ్వరమునకు వైద్యుఁడు పారాసెటమాల్ సిరప్పు వ్రాసి, పూటకొక చెంచా, అనఁగా 5 మిల్లీలీటర్లు, పోయుమని చెప్పియుండెను. ఆ సీసా ఖాళీయైనది. నేను దుకాణమునకుఁ బోయి పారాసెటమాల్ మందు కావలెనని యడిగితిని. అక్కడివాఁ డొక చిన్న సీసా యిచ్చినాఁడు. మీఁద మందు పేరు అదియే. దానితోఁ గూడ నొక బొట్ల గొట్టము వచ్చినది. అది పనికిరాని వస్తువని తలఁచి పెట్టెలోనే విడిచి, పాత చెంచాతోనే దినమునకు నాలుగు మాఱుల చొప్పున రెండు దినములు పోసితిని.

పాత సిరప్పులో చెంచాకు 125 మిల్లీగ్రాముల మందు కలదు. క్రొత్తది పసిపిల్లలకు బొట్లుగా వేయుటకై చిక్కఁగాఁ జేసినది. అందు ఒక్క మిల్లీలీటరునందే 100 మిల్లీగ్రాములు. కావున చెంచాకు 500. బిడ్డకు ఒక పూటకుఁ దగినది కిలో బరువునకు 10 మొదలు 15 మిల్లీగ్రాముల వఱకు, అనఁగా ఆమెకు 100 మొదలు 150. నేను పోసినది దినమునకు రెండువేలు. ఈ లెక్క కంతకును ఆధారము సీసామీఁది చిన్న యక్షరములలో నున్నది. అవి చదువనేరని వాఁడను గాను, చదువలేదు, అంతే.

మూఁడవనాఁటి యుదయమున బిడ్డ వాంతులు చేసికొని, పాలు ముట్టక సోలి పడియుండెను. జ్వరము మాత్రము లేదు. అది తగ్గినది గదా యని నేను కొంత సంతోషించితిని గూడ. ఇంటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త సీసాను, చెంచాను జూచి, "మాస్టారూ, దీనితోనా పోసినారు?" అని యడిగినది. ఆమె ఒకప్పుడు నా బడిలోఁ జదువుకొన్న పిల్ల. మధ్యాహ్నమునకు మేము పెద్దాసుపత్రిలో నుంటిమి. రక్తపరీక్షలో కాలేయము దెబ్బతిన్నట్లు తేలెను. విఱుగుడు మందును నరములోని కెక్కించిరి. పదునొకండవనాఁడు బిడ్డ యింటికి వచ్చినది. కోడలికి ఆ సంగతి చెప్పుట నే నెన్నఁడు చెప్పిన పాఠములకంటెను గష్టమైనది.

పారాసెటమాల్ చెడ్డ మందని నేను చెప్పుట లేదు. జర్మను వైద్యుఁడు ఫాన్ మేరింగ్ దీనిని రోగులకుఁ బ్రయోగించి చూచి, ఆ సంగతిని 1893లోఁ బ్రకటించెను. అది కాలేయమును చంపఁగలదని 1966లో బ్రిటిషు వైద్యపత్రికలోఁ బ్రకటితమైనది. లోపల జరుగునది యిది: మ్రింగిన మందులో నధికభాగమును కాలేయము హానిలేని పదార్థముగా మార్చి బయటికిఁ బంపును. కొద్దిభాగము విషముగా మాఱును. గ్లూటాథయోన్ అను పదార్థ మొకటి ఆ విషమును పట్టి యణఁచును. వాన మితముగాఁ గురిసిన చెఱువు కలుజుమీఁదుగా నీరు పోవును. ఒక్కమాఱు వఱద వచ్చిన గట్టు తెగును. ఇదియు నట్టిదే. గ్లూటాథయోన్ తఱిగిన పిమ్మట విషము కాలేయమునే తినును. నిత్యము సారాయి త్రాగువారికిని, తిండిలేక చిక్కినవారికిని ఈ గట్టు ముందే బలహీనమై యుండును.

ఇందలి మోసమేమనఁగా మొదటి దినమున వాంతులు తప్ప మఱేమియుఁ గనఁబడకపోవచ్చును. కొందఱకు అవియు నుండవు. రెండవనాఁడు మనిషి తేఱుకొన్నట్లే యుండును. పిమ్మటఁ గుడివైపు డొక్కలో నొప్పి, మూఁడు నాలుగు దినములకుఁ గామెర్లు, మతి తప్పుట. విఱుగుడగు అసిటైల్‌సిస్టీన్ మ్రింగిన యెనిమిది గంటలలోపల నిచ్చినచో మిక్కిలి బాగుగాఁ బనిచేయును, ఆలస్యమైనను ఈయవలసినదే. "బాగానే యున్నాఁడు, రేపు చూతము" అను మాటయే ప్రాణము తీయును.

పెద్దవారికి రాత్రింబగళ్లు కలిపి నాలుగు గ్రాములు మించరాదు. 500 మిల్లీగ్రాముల మాత్రలైన ఎనిమిది, 650వి యైన ఆఱు. అదియు నాలుగేసి గంటలైనను ఎడమిచ్చి. కాలేయవ్యాధి గలవారికిని, త్రాగువారికిని అంతకంటెఁ దక్కువ, వైద్యు నడుగవలెను. క్రోసిన్, కాల్‌పాల్, డోలో అని పేర్లు వేఱైనను లోపలి సరకు పారాసెటమాలే. జలుబు మాత్రలోను, ఒళ్లునొప్పుల మాత్రలోను తఱచుగా నదియే కలిసియుండును. మూఁడింటిని మూఁడు జబ్బులకని మ్రింగువాఁడు ఒక్క మందునే ముమ్మడి మ్రింగుచున్నాఁడు.

మోఁకాళ్ల నొప్పులకు నెలలతరబడి డైక్లోఫెనాక్ మ్రింగు నా యీడువారికి మూత్రపిండములు చెడవచ్చును, కడుపులోఁ బుండు పడవచ్చును. తారువలె నల్లని విరేచనమైన అది నెత్తురని యెఱుఁగవలెను. మన పల్లెలలో రాబందు లేమైన వని మీరు తలఁచియుందురు. పశువుల కిచ్చిన యీ డైక్లోఫెనాకే కళేబరములద్వారా వానికిఁ బోయి మూత్రపిండములు చెఱచి చంపినది. అందువలన 2006లో మన దేశమున పశువైద్యమునందు దానిని నిషేధించిరి. మనుష్యుల మందుగా నది నేఁటికిని అమ్ముడుపోవుచున్నది. డెంగీ యనుమానమున్న జ్వరమునందు ఆస్పిరిన్, ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టరాదు, రక్తస్రావ మధికమగును. పిల్లల జ్వరమునకు ఆస్పిరిన్ ఈయనే రాదు. కీళ్లకు రాచుకొను వింటర్‌గ్రీన్ తైలము ఆస్పిరిన్‌కు జ్ఞాతి. ఒక్క చెంచా త్రాగిన పసిబిడ్డ చావవచ్చును.

ఎవరైనను పొరపాటుననో, మనోవ్యథచేతనో మాత్రలు మితిమీఱి మ్రింగినచో ఉప్పునీళ్లు పోసి వాంతి చేయింపరాదు. తిట్టుటకును, పంచాయతీ పెట్టుటకును అది సమయము గాదు. 108కి ఫోను చేయవలెను. ఖాళీయైన అట్టను, సీసాను, చెంచాను గూడఁ దీసికొనిపోవలెను. ఎన్ని మాత్రలో, ఎన్ని గంటలకో ఒక కాగితముమీఁద వ్రాసి వైద్యుని చేతి కీయవలెను.