పిల్లి నొప్పి ఎవరికి తెలుస్తుంది?



ఈవేళ పిల్లిని గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుకుంటారేమో. "మనుషులకే దిక్కు లేదు, పిల్లికి ఆపరేషనా? దానికి నొప్పి తెలియకుండా మందులు గూడానా?" అని జమ్మలమడుగులో మా పెద్దమ్మ అననే అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టను. కాని వేరుశనగ మూటలూ, బియ్యం బస్తాలూ ఎలుకల పాలు కాకుండా కాచింది ఆ పిల్లే గదా! మన ఇంట్లో చాకిరీ చేసిన ప్రాణికి కష్టం వచ్చినప్పుడు మొహం తిప్పుకోవడం మన ఇళ్ళలో ఆచారం కాదు.

ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఒక పెంటి పిల్లి వుండేది. పదేళ్ళది. సంక్రాంతి నాడు ఒళ్ళో పడుకుంటే నిమురుతున్నాను. పొట్ట కింద, చన్ను పక్కన, శనగగింజంత గట్టిగా తగిలింది. పాలగడ్డ అయివుంటుందిలే అనుకున్నాను. ఉగాదికి అది నిమ్మకాయంత అయింది. మధ్యలో ఆస్పత్రికి ఎందుకు పోలేదంటారా? భయం. "మత్తు ఇస్తే ముసలి పిల్లి లేవదు" అని ఎవరో అన్నారు, నేను నమ్మాను. ఆ మూడు నెలల ఆలస్యం ఎంత ఖరీదైనదో తరవాత తెలిసింది. మీకు ఆ ఖరీదు తప్పాలనే ఈ ప్రసంగం.

పిల్లికి సాధారణంగా ఎనిమిది చన్నులు, వరసకు నాలుగు చొప్పున రెండు వరసలుగా వుంటాయి. అక్కడ పుట్టే గడ్డల్లో నూటికి ఎనభైకి పైగా క్యాన్సరువే. కుక్కల్లో అది సుమారు సగమే. అందుకని పిల్లి చన్ను దగ్గర గడ్డ కనిపిస్తే "చూద్దాంలే" అనకూడదు. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటకముందే తీయిస్తే చాలా పిల్లులు ఏళ్ళ తరబడి బతుకుతాయి. మూడు సెంటీమీటర్లు దాటాక తీయించినవి చాలావరకు ఏడాది లోపలే పోతాయి. రెండు సెంటీమీటర్లంటే ఎంతనుకున్నారు? బొటనవేలి గోరుకన్నా కాస్త ఎక్కువ, అంతే!

ఆపరేషను గూడా చిన్నది కాదు. ఆ ఒక్క గడ్డనే గిల్లి తీస్తే జబ్బు మళ్ళీ వస్తుంది. అందుకని ఆ పక్కనున్న చన్నుల వరస మొత్తాన్ని చంక దగ్గర నుంచి తొడ దాకా తీసేస్తారు. రెండో పక్క గూడా తీయవలసి వస్తే కొన్ని వారాలు ఆగి తీస్తారు. నాలుగు కిలోల ప్రాణికి జానెడు పొడుగు కోత అంటే ఆలోచించండి. నొప్పి సంగతి మొదటే చూసుకోవాలి అనడం అందుకే.

ఇక్కడ మనం పొరపడే మాట ఒకటి వుంది. మత్తు వేరు, నొప్పి తగ్గడం వేరు. మత్తులో వున్న పిల్లికి తెలివి వుండదు. కాని కోసినప్పుడు నరాలు వెన్నుపాముకి కబురు పంపుతూనే వుంటాయి. ఆ కబుర్లు అదే పనిగా పోతే వెన్నుపాము రెచ్చిపోతుంది. తెలివి వచ్చాక చిన్న తాకిడి గూడా పెద్ద నొప్పి అవుతుంది. అందువల్ల మంచి డాక్టర్లు కోత పెట్టకముందే నొప్పి మందు ఇస్తారు. మంట లేచాక నీళ్ళు పోయడం కన్నా, నిప్పురవ్వ పడకుండా చూడడం మేలు గదా!

ఆ మందులు గూడా ఒక్కటి కాదు, రెండు మూడు కలిపి. నల్లమందు జాతికి చెందిన సూదిమందు ఒకటి మెదడూ వెన్నుపామూ దగ్గర పని చేస్తుంది. కోసే చోట చర్మం కింద పలచన చేసిన లిగ్నోకెయిను ఎక్కిస్తే ఆ భాగం మొద్దుబారుతుంది. వాపు తగ్గించే మెలాక్సికాం లాంటిది మూడోది, అది మూత్రపిండాలు బాగున్న పిల్లికి మాత్రమే. ఇలా తలా కాస్త పని పంచుకుంటే ఏదీ ఎక్కువ మోతాదు అవసరం పడదు, మత్తుమందు గూడా తక్కువ సరిపోతుంది. లిగ్నోకెయిను విషయంలో పిల్లి కుక్క కన్నా సున్నితం, మోతాదు తూచి ఇవ్వాలి.

మత్తు సంగతికి వస్తే మన తెలుగుగడ్డకు అందులో పెద్ద చరిత్ర వుంది. హైదరాబాదులో నిజాం ప్రభువు ఖర్చుతో, లారీ అనే సర్జను ఆధ్వర్యాన 1888లోనూ 1889లోనూ క్లోరోఫారం కమీషన్లు జరిగాయి. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరిని కనిపెట్టుకుని వుంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చారు. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ ఆడపడుచు అక్కడి వైద్య పాఠశాలలో చదివి రోగులకు క్లోరోఫారం ఇచ్చేది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఆమే అని చాలామంది చెబుతారు. అయితే కమీషను తేల్చిన మాట నిలవలేదు. 1911లో లీవీ అనే వైద్యుడు క్లోరోఫారం హఠాత్తుగా గుండెను గూడా ఆపగలదని రుజువు చేశాడు. దేని మీద పరీక్షించాడో తెలుసా? పిల్లుల మీద! మనుషుల ఆపరేషన్లు క్షేమంగా జరగడానికి పిల్లులు ప్రాణాలిచ్చాయి. ఆ రుణం కొంచెమైనా తీర్చవద్దూ?

క్లోరోఫారం కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చాలాచోట్ల కెటమీనును మరొక మందుతో కలిపి సూదిగా ఇస్తారు. వసతి వున్నచోట గొంతులో గొట్టం పెట్టి ఐసోఫ్లూరేను వాయువు ఇస్తారు. ఏది ఇచ్చినా ఊపిరినీ, గుండెనూ, రెంటినీ చూస్తూ వుండాలి. ముసలి పిల్లి లేవదు అనేది పూర్తిగా నిజం కాదు. వయసు జబ్బు కాదు, దాగి వున్న జబ్బే ప్రమాదం. అందుకే ముందుగా రక్తపరీక్ష, ఊపిరితిత్తులకు జబ్బు పాకిందేమో చూసేందుకు ఛాతీ ఎక్సురే అడగండి. బరువు తూయించండి, మందంతా బరువును బట్టే. ఎన్ని గంటలు పస్తు పెట్టాలో డాక్టరునే అడగండి, మీ అంతట మీరు రోజంతా మాడ్చకండి. మత్తులో పిల్లి ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. మన కడప ఎండల్లో గూడా చల్లబడుతుంది సుమా! ఒక మెత్తటి పాత దుప్పటి తీసుకుపోండి.

ప్రొద్దుటూరులో 2008లో పశువైద్య కళాశాల వచ్చింది. జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళకు గూడా అది అందుబాటే. బస్సులో పోయేవాళ్ళు మూత వున్న గంపలో గుడ్డ పరిచి, గాలి ఆడేట్టు చూసి, తెల్లవారుజామునే బయలుదేరితే పిల్లికి వడదెబ్బ తగలదు.

ఇంటికొచ్చాక అసలు పని మనది. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కుక్కలాగా మూలగదు, గమ్మున మూల చేరుతుంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి మొహం చూసి నొప్పి కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. చూడవలసినవి ఐదే: చెవులు పక్కకు వాలి ఒకదానికొకటి దూరమయ్యాయా? కళ్ళు సగం మూసిందా? మూతి బిగిసిందా? మీసాలు నిటారుగా ముందుకు వచ్చాయా? తల భుజాల కన్నా కిందికి వాలిందా? ఒక్కోదానికి సున్న నుంచి రెండు మార్కులు. మొత్తం పదికి నాలుగో ఆపైనో వస్తే మళ్ళీ నొప్పి మందు కావాలని అర్థం. బిడ్డ మొహం చూసి జ్వరం కనిపెట్టే తల్లులకు ఇదేం కష్టం కాదు. ఒకరోజు పూర్తిగా తినకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి కాలేయం దెబ్బతింటుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం గుర్తు పెట్టుకోండి. పులివెందులలో మా వదిన, పిల్లి నొప్పితో వుందని జాలిపడి ఇంట్లో వున్న పారాసిటమాల్ బిళ్ళ పాలలో కలిపి పెట్టింది. మర్నాటికి దాని మొహం వాచింది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. పోయింది పాపం. మనకు అమృతంలాంటి ఆ బిళ్ళ పిల్లికి విషం. దాన్ని విరిచేసే శక్తి దాని కాలేయానికి లేదు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. తెలియక పెట్టివుంటే క్షణం ఆలస్యం లేకుండా ఆస్పత్రికి పరిగెత్తండి, త్వరగా పోతే విరుగుడు మందు వుంది. ఐబూప్రొఫెన్, ఆస్ప్రిన్ గూడా సొంతంగా ఇవ్వకండి. కుట్ల మీద డెట్టాలు లాంటివి పోయకండి, అది నాకుతుంది, అదీ విషమే.

మా పిల్లికి ఆపరేషను బాగానే జరిగింది. మత్తు నుంచి క్షేమంగా లేచింది. మూడోనాడు అన్నం తిన్నది చూసి పెద్దమ్మ గూడా "దీనికి నొప్పే లేనట్టుండాదే!" అన్నది. కాని గడ్డ పెద్దదయ్యాక తీసిన ఆపరేషను గదా, ఏడెనిమిది నెలలకు జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. శనగగింజప్పుడే పోయివుంటే అనుకోని రోజు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకొక పిల్లికూన వుంది. దానికి ఐదో నెలలోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాను. ఆరు నెలల లోపు చేయిస్తే ఈ క్యాన్సరు వచ్చే అవకాశం నూటికి తొంభై వంతులు తగ్గుతుంది. రెండేళ్ళు దాటాక చేయిస్తే ఆ లాభం దాదాపు వుండదు. ఎదకు రాకుండా ఇచ్చే హార్మోను మందులు ఈ జబ్బును పెంచుతాయి, వాటి జోలికి పోకండి.

చివరగా ఒక్క మాట. పిల్లి గడ్డను "చూద్దాంలే" అని మూడు నెలలు వాయిదా వేసిన నేను, నా ఒంట్లో గడ్డ కనిపించినా అదే పని చేసివుందునేమో. సిగ్గుతోనో భయంతోనో దాచుకునేవాళ్ళం మనలో ఎందరు లేరు! పిల్లికి నోరు లేదు. మనకు వుంది. దాని కోసమూ, మన కోసమూ, సమయానికి నోరు తెరుద్దాం.