ఒళ్ళు తగ్గినపుడు ఉడుపులు

మన భాషలో "చిక్కిపోయినాడు" అను మాట సంతోషముతో పలుకునది కాదు. దూరము నుండి వచ్చిన బంధువు గుమ్మములో అడుగు పెట్టగానే "అయ్యో, ఎంత చిక్కిపోయినావు!" అని ఇంటిలోని పెద్దలు అందురు, ఆ పూట విస్తరిలో నేయి మరి కొంచెము ఎక్కువగ పడును. "కాస్త ఒళ్ళు చేసినావు" అన్నచో అది మెప్పు. కరవులను, క్షయవ్యాధిని కన్నులార చూచిన తరముల నుండి వచ్చిన వాడుక యిది. దానిని తప్పు పట్టుటకు వీలులేదు. కాని నేడు వైద్యుని సలహాపై నెలల తరబడి నడిచి, అన్నము తగ్గించి, పట్టుదలతో బరువు తగ్గించుకొనువారు ప్రతి వీధిలోను ఉన్నారు. ఏమి తినవలెనో, ఏమి తినరాదో వారికి చెప్పువారు అనేకులు. తగ్గుచున్న ఒంటికి ఏమి తొడుగవలెనో చెప్పువారు అరుదు. అందుచేత ఈ ప్రసంగములో దుస్తుల విషయమే ముచ్చటింపదలచినాము.

ఇది పైపై అలంకారమునకు సంబంధించిన సంగతి కాదని మా అభిప్రాయము. ఒక గృహిణిని ఊహించుకొందము. మధుమేహము పొడసూపుచున్నదని వైద్యుడు హెచ్చరించగా ఆమె ఆరు నెలలు శ్రమించి ఏడెనిమిది కిలోలు తగ్గినది. రక్తములోని చక్కెర అదుపులోనికి వచ్చినది. కాని ఆమె తొడుగు రవికలు మాత్రము పాతవే. భుజములు జారుచున్నవి, చేతులు వ్రేలాడుచున్నవి, వీపున గుడ్డ ముడుతలు పడుచున్నది. ఆ రవికతో పెండ్లి యింటికి వెళ్ళగా "జ్వరము పడి లేచినావా అమ్మా?" అని పది మంది పరామర్శించిరి. ఇంటికి వచ్చిన పిదప అత్తగారు "ఈ నడకలు, ఉపవాసములు ఇక చాలును" అని ఖండితముగ చెప్పినది. ఆమె ప్రయత్నము నిలిచిపోయినచో అందుకు ఆకలి కారణము కాదు. ఆ రవికయే కారణము. అదే శరీరము తగిన కొలతల రవికలో కనబడినచో "కళగా ఉన్నావు" అని అదే అత్తగారు అనియుండెడిది. వదులు దుస్తులు ఆరోగ్యవంతుని గూడ రోగివలె చూపును. కనుక బరువు పూర్తిగ తగ్గిన తరువాత దుస్తుల సంగతి చూచుకొందమని వాయిదా వేయరాదు. దారిలోనే, కొద్ది ఖర్చుతో, మెట్టు మెట్టుగ సరిచేసికొనుచు పోవలెను.

ఈ విషయములో మన పూర్వుల ఉడుపు ఎంతో ఉదారమైనది. ఆరు గజముల చీరకు కొలత లేదు. నడుము తగ్గినచో కుచ్చిళ్ళలో ఒక మడత పెరుగును. నడుము పెరిగినచో ఒక మడత తగ్గును. పంచెకట్టు సంగతియు అంతే. లోపలి లంగాకు బొందు, పైజమాకు బొందు. బిగించుటయో వదలుటయో మన చేతిలోని పని. కత్తెర తగులని గుడ్డ ఎవరి శరీరమును ఎత్తిపొడువదు. అయితే ఈ దయకు రెండవ ప్రక్క గూడ ఉన్నది. చీరయు, నైటీయు, నడుమునకు ఎలాస్టిక్ పట్టీ గల పైజమాలును ఒళ్ళు పెరుగుచున్న సంగతిని గూడ అంతే ఓర్పుతో కప్పిపుచ్చును. ఇంటిపట్టున ఎల్లప్పుడు ఎలాస్టిక్ దుస్తులనే ధరించువారికి నాలుగైదు అంగుళములు పెరుగువరకు కబురు అందదు. ఆ కబురు తెచ్చునది కుట్టుపని గల వస్త్రమే.

స్త్రీలకు అట్టి వస్త్రము రవిక. మన దర్జీలు అనుభవజ్ఞులు. రవిక ప్రక్కలలో లోపల కొంత గుడ్డను వదలి, రెండు మూడు వరుసల కుట్లు వేయుదురు. ఒళ్ళు వచ్చినపుడు ఒక కుట్టు విప్పుకొనుట అందరు ఎరిగినదే. తగ్గునపుడు చేయవలసినది దానికి విపర్యయము. ఇందలి లెక్క చిన్నది గాని ఉపయోగకరమైనది: ఒక్కొక్క ప్రక్క పావు అంగుళము లోపలికి కుట్టినచో, గుడ్డ రెండు పొరలు గనుక, రెండు ప్రక్కలు కలిసి చుట్టుకొలత ఒక అంగుళము తగ్గును. ఇంటిలో కుట్టుమిషను ఉన్నవారికి ఇది పదినిమిషముల పని. కాని మొత్తము మీద రెండంగుళములు దాటిన తరువాత ప్రక్క కుట్టు మాత్రమే చాలదు. చంక వదులగును, భుజము జారును, ఎదపై వేసిన డాట్లు తమ చోటు తప్పును. అప్పుడు చేతులు విప్పి, భుజము తగ్గించి, తిరిగి ఎక్కింపవలెను. దానికి కొత్త రవిక కుట్టుకూలిలో చాలభాగము అగును. నూలు రవికకు అంత వెచ్చించుట కంటె కొత్తది కుట్టించుట మేలు. పట్టుచీర అంచుతో వచ్చిన రవికకైనచో ఆ గుడ్డ మరల దొరకదు గనుక వెచ్చింపవచ్చును. కొందరు ప్రక్కలు ముట్టక ముందరి హుక్కులను లోపలికి జరుపుదురు. అది మాకు నచ్చదు. ఎద మధ్యనుండవలసిన అతుకు ఒక ప్రక్కకు ఒరిగి, మెడ వంకర పోవును.

లోపలికి కుట్టినపుడు మిగిలిన గుడ్డను కత్తిరింపనీయరాదు. చక్కగ కనబడుటకై దర్జీ కత్తెర తీయును. ముందుగనే చెప్పి ఆపవలెను. గుడ్డ ఉన్నంతకాలము వెనుకకు మరలు దారి యుండును. పట్టు మీద సూది రంధ్రములు మాయవని గూడ గుర్తుంచుకొనవలెను. పాత కుట్టు లోపలివైపునకు పోయినచో దోషము లేదు గాని, మరల విప్పినపుడు ఆ గీత బయటికి కనబడును.

పెండ్లి వేళకు తగ్గిపోవుదుమను నమ్మకముతో రెండు నెలల ముందే చిన్న కొలతలతో పట్టురవిక కుట్టించువారు ఉన్నారు. ఇది జూదము వంటిది. గుడ్డను నేటి కొలతలతో కోయించి, వారము ముందు లోపలికి కుట్టించుకొనవచ్చును. చిన్నదిగ కోసిన గుడ్డను పెద్దది చేయుట ఏ దర్జీకిని సాధ్యము కాదు. శ్రావణమాసములోను, పెండ్లి ముహూర్తముల రోజులలోను దర్జీలకు తీరిక ఉండదు గనుక ఆ చివరి కుట్టునకు ముందుగనే మాట తీసికొనవలెను. మరియొక చిన్న మాట. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొనును. తడిపి ఆరవేయక కుట్టించిన రవిక బిగువైనచో, పోయిన ఒళ్ళు మరల వచ్చినదని దిగులుపడ నక్కరలేదు.

పురుషుల సంగతికి వచ్చెదము. వారికి ప్యాంటు నడుము పట్టీయే సాక్షి. కాని అది కొంత కపటము గల సాక్షి. "ఇరువది ఏండ్ల నుండి నాది 34 కొలతయే" అని గర్వించు పెద్దమనుష్యులను గమనింపుడు. బొజ్జ పెరిగిన కొలది ప్యాంటు క్రిందికి జారి, బొజ్జ క్రింద నిలిచియుండును. అచ్చట కొలత మారదు, మారినది పైన. అదియును గాక రెడీమేడ్ దుస్తులపై అచ్చువేసిన అంకె నిజమైన అంగుళములకు సరిపోవునను నమ్మకము లేదు. ఒక దుకాణములో 34 అనునది మరియొక దుకాణములో 36కు సమానము కావచ్చును. కొనువారిని సంతోషపెట్టుటకై పెద్ద గుడ్డపై చిన్న అంకె వేయు ఆచారము అనేక దేశములలో ఉన్నది. అమెరికాలో 1939–40 సంవత్సరములలో వ్యవసాయశాఖవారు సుమారు 15 వేలమంది స్త్రీలను కొలిపించిరి. 1958లో అచ్చట స్త్రీల దుస్తులకు ప్రమాణపు కొలతలు ప్రకటింపబడినవి. వర్తకులు క్రమముగ వానిని విడిచివేయగా 1983లో ఆ ప్రమాణము రద్దయినది. మన దేశములో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ వారు భారతీయుల శరీరములకు తగిన పట్టిక కొరకు 25 వేల మందిని కొలుచు కార్యమును చేపట్టిరి. అందుకై ఎన్నుకొన్న ఆరు నగరములలో హైదరాబాదు ఒకటి. పట్టికలు ఎట్లున్నను, చీటీ మీది అంకెను చూచి పొంగుటయు కుంగుటయు రెండును వ్యర్థమే.

కుట్టించిన ప్యాంటునకు వెనుక మధ్య కుట్టులో గుడ్డ వదలబడియుండును. అచ్చట ఒకటిన్నర, రెండు అంగుళముల వరకు తగ్గింపవచ్చును. అంతకు మించినచో వెనుక జేబులు రెండును ఒకదాని నొకటి పలకరింప వచ్చును! జీన్స్ ప్యాంటు నడుము పట్టీ ఏకఖండము. కుట్లు జంటగ బలముగ ఉండును గనుక దానిని విప్పుట శ్రమతో కూడిన పని. చొక్కాకు ప్రక్కలు తగ్గించుట సులభము, భుజము తగ్గించుట కష్టము. భుజపు కుట్టు చేతి మీదికి జారిన చొక్కాలను విడిచిపెట్టుటయే మంచిది.

అంకెలను నమ్మరాదన్నపుడు దేనిని నమ్మవలెను? దర్జీ మెడలోని టేపును. ఉదయమున ఏమియు తినకముందు నిలువుగ నిలిచి, చివరి ప్రక్కటెముకకును తుంటియెముక పై అంచునకును నడిమి చోట, నేలకు సమాంతరముగ టేపును చుట్టి, ఊపిరి మామూలుగ వదలిన పిదప చూడవలెను. పొట్ట లోపలికి పీల్చుకొన్నచో మోసపోవునది మనమే. దక్షిణాసియా వారిలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 35½, 31½ అంగుళములు, చేరినచో అది హెచ్చరికయని వైద్యులు చెప్పుదురు. పొట్టలోపల పేరుకొను కొవ్వు మధుమేహమునకు, గుండెజబ్బునకు దారితీయునది గనుక ఈ కొలతకు ఇంత ప్రాధాన్యము. బరువు యంత్రములోని ముల్లు ఉప్పును బట్టి, నీటిని బట్టి రోజునకొక తీరున కదలును. మొదటి వారములలో తగ్గునది చాలవరకు నీరే. అందుచేత మొదటి నెలలోనే దర్జీ యొద్దకు పరుగెత్త నక్కరలేదు. నడుము కొలత రెండంగుళములు తగ్గి, కొన్ని వారములు అట్లే నిలిచిన తరువాత మూడు నాలుగు నిత్యోపయోగపు జతలను మాత్రము సరిచేయించుకొన్నచో చాలును. తక్కినవి పెట్టెలో ఉండనిండు. అక్కచెల్లెండ్రు, వదినా మరదండ్రు ఉన్న ఇండ్లలో ఈ నడుమ కాలమునకు ఒకరి రవికలు మరియొకరు వాడుకొనుట పాత పద్ధతియే.

ఆభరణములను గూర్చి ఒక్క మాట. వదులైన ఉంగరము చేతులు కడుగుకొనునపుడు జారిపోవును. వెనుకటివారు చేసినట్లు క్రింది భాగమున దారము చుట్టుట తాత్కాలికముగ చాలును. రెండు–ఆరు కొలత గాజులు వాడువారికి రెండు–నాలుగు సరిపోవు స్థితి రావచ్చును. అవి అంగుళములో పదహారవ వంతుల లెక్కలు గనుక తేడా అంగుళములో ఎనిమిదవ వంతే. అయినను బంగారు గాజు జారిపోవుటకు ఆ మాత్రము చాలును.

ఇంతవరకు ప్రయత్నించి తగ్గినవారిని గూర్చి చెప్పితిమి. ప్రయత్నము లేకుండ దుస్తులు వదులగుట వేరు సంగతి. బెల్టుకు కొత్త రంధ్రము పొడిపించుకొని, "తనంతట తానే తగ్గినది, అదృష్టము" అని సంతోషించువారు ఉన్నారు. ఆరు నెలలలో గాని సంవత్సరములో గాని ఒంటి బరువులో నూటికి అయిదు వంతులు, అనగా 60 కిలోల మనిషి 3 కిలోలు, కారణము తెలియక తగ్గినచో వైద్యుని చూడవలెను. అధిక దాహము, మాటిమాటికి మూత్రవిసర్జన ఉన్నచో అది మధుమేహము కావచ్చును. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు ఉన్నచో క్షయ కావచ్చును. థైరాయిడ్ గ్రంథి అతిగ పనిచేసినను ఒళ్ళు తగ్గును. ఇంటిలోని వృద్ధులు తమ బాధలను చెప్పుకొనరు. తాతగారి చొక్కా మెడపట్టీలో నాలుగు వ్రేళ్ళు దూరుచున్నవేమో పిల్లలే చూడవలెను. ఇట్టి సమయములో దర్జీ కంటె ముందు వైద్యునికి కబురు చేయవలెను.

ఇక పాత దుస్తులు. అన్నిటిని ఒక్కనాడే పంచివేసి, "ఇక వెనుకకు మరలను" అని ప్రతిజ్ఞ చేయుట వినుటకు బాగుండును. కాని శరీరమునకు ప్రతిజ్ఞలు తెలియవు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులకు 24 వారములు అరకొర ఆహారము పెట్టి పరిశీలించెను. వారు స్థూలకాయులు కారు. బరువులో సుమారు నాలుగవ వంతు కోల్పోయిన ఆ యువకులు, తిరిగి తిండి దొరకిన తరువాత ఎంత తిన్నను తృప్తి చాలక అలమటించిరి. తగ్గిన శరీరము ఆకలిని పెంచి, ఖర్చును తగ్గించి, పూర్వస్థితికి చేరుటకు పాటుపడునని తరువాతి పరిశోధనలును చెప్పుచున్నవి. మరల లావెక్కుట బుద్ధిబలము లేకపోవుట చేత మాత్రమే కాదు. కనుక ఒక సంవత్సరము కొలత నిలిచియున్న పిదపనే పెద్ద జతలను తీసివేయుట మంచిది. అప్పుడు నూలుచీరలు బొంతకు, చొక్కాలు కావలసినవారికి, మిగిలినవి వీధిలో స్టీలు సామాను ఇచ్చి పాతబట్టలు తీసికొను ఆమెకు పోవచ్చును.

కొత్త కొలతకు కుట్టించిన వానిలో ఎలాస్టిక్ లేని ఒక రవికను గాని, ప్యాంటును గాని ప్రత్యేకించి ఉంచుకొనవలెను. ప్రతి నెల మొదటి తేదీన, భోజనమునకు ముందు, దానిని ఒకమారు తొడిగి చూడవలెను. హుక్కు కష్టముగ పడుచున్నచో కుట్టు విప్పకముందు పళ్ళెము వంక చూడవలెను. ఆ జతను పెట్టె అడుగున గాక, కంటికి కనబడునట్లు తలుపు వెనుక కొక్కెమునకు తగిలించి యుంచుట మేలు.