ఓడ పేరు మోయు దీపస్తంభము

ఆదోని, ఎమ్మిగనూరు వాసులమగు మాకు సముద్రము వినికిడియే; మా తుంగభద్ర నీరు మాత్రము కృష్ణలో గలిసి దానిని చేరుచున్నది. ఆ తీరముననే, కొంత ఉత్తరముగా, గోదావరి ముఖద్వారముల చెంత శాక్రిమెంటో దీపస్తంభమున్నది. పేరు మనది కాదు. 1867 జూన్ 19న అక్కడి మెరకలపై చిక్కి ధ్వంసమైన అమెరికా యుద్ధనౌకది. నావికులు బ్రతికిరి, ఓడ దక్కలేదు. నది తెచ్చిన ఇసుక నీటి క్రింద మెరక వేయును. పగలే కానరానిది రాత్రి కనుపించునా?

1927 నాటి దీపస్తంభముల చట్టమునకు బదులుగా 2021లో వచ్చిన చట్టము, పాత స్తంభములను వారసత్వ స్తంభములుగా గుర్తించుటకు కేంద్ర ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. మంచిదే. కాని గోడకు సున్నము కొట్టిన చాలదని మా అభిప్రాయము. పాత దీపములను, కాపరుల దినసరి పుస్తకములను కూడ భద్రపరుపవలెను. ఆ పేరెట్లు వచ్చెనో తెలుగున తెలుపు పలక స్తంభము మొదట నుండవలెను.